లాభానికీ నీళ్ళకీ మధ్య బొత్తం

నేను తయారుచేసిన సాఫ్ట్‌వేర్ ఎవరికీ అన్యాయం చేయదని, ఆర్.ఎస్. పురంలో నా ఆఫీసుకు వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాణ్ణి. ఆఫీసంటే మందుల షాపు మీది గది. డాక్టరు గది అనుకుని మెట్లెక్కి వచ్చినవాళ్ళే ఎక్కువ. వాళ్ళనూ కూర్చోబెట్టి చెప్పేవాణ్ణి. కలుపు మందు కొడితే రైతుకు మిగిలేదెంత, ఆ మందు భూమిలోకి దిగి బావినీళ్ళు చెడిపోయేదెంత, రెండూ తూచి, కొట్టాలో వద్దో అది చెబుతుంది. స్క్రీన్ మీద ఒక గీత, గీత మీద గుండ్రటి బొత్తం. ఒక కొసన లాభం, ఇంకో కొసన నీళ్ళు. ఏది ఎంత ముఖ్యమో రైతే బొత్తం జరిపి చెప్పాలి. రైతు మీద మన అభిప్రాయం రుద్దకూడదు కదా. ఈ మాట అంటున్నప్పుడు నా గొంతు నాకే ముద్దొచ్చేది.

మొదటి పరీక్షకు కంబంలో మా అమ్మ తమ్ముడు కృష్ణరాజ్ మామ అరటి తోటకు వెళ్ళాను. కలుపు తీసే కూలీలు దొరక్క, మర్నాడే మందు కొట్టడానికి మామ మనుషుల్ని మాట్లాడుకుని ఉన్నాడు. ఆయన ఫోనులో సాఫ్ట్‌వేర్ ఎక్కించి, నేల రకం, వాన సూచన అన్నీ నింపి చేతికిచ్చాను. మామ ఆలోచించకుండా బొత్తాన్ని లాభం కొసకు తోశాడు. ‘కొట్టవచ్చు’ అని పచ్చగా వెలిగింది. తన మేనల్లుడు ఎంత తెలివైనవాడో మామ చుట్టుపక్కల తోటలవాళ్ళకు ఫోన్లు చేసి చెప్పాడు. నేను వద్దు వద్దంటూనే ప్రతి ఫోనూ చెవులు రిక్కించి విన్నాను.

సాయంత్రం జెబమలర్ వచ్చింది. తోటకు దిగువన ఆమె ఇల్లు. బట్టలు కుట్టి బతుకుతుంది. తాగడానికీ వంటకూ ఇంటి పక్క బావినీళ్ళే. పోయినసారి మందు కొట్టాక వాన పడి నీళ్ళు వాసన కొట్టాయట, ఇంట్లో చిన్నపిల్ల ఉంది. నీళ్ళ సంగతి కూడా చూసే సాఫ్ట్‌వేర్ వచ్చిందని విని ఆశగా వచ్చింది. నా ఛాతీ ఇంకాస్త ఉబ్బింది. ఫోను ఇప్పించాను. ఆమె బొత్తాన్ని నీళ్ళ కొసకు తోసింది. ‘కొట్టకూడదు’ అని ఎర్రగా వెలిగింది.

మామ నావైపు తిరిగాడు.

“ఇందాక కొట్టమనె, ఇప్పుడు వద్దంటుండాది. ఏది నిజం మాప్పిళ్ళే?”

రెండూ నిజమేనని, ఎవరి ప్రాధాన్యాన్ని బట్టి వాళ్ళకు జవాబు వస్తుందని ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆ ఉపన్యాసం అక్కర్లేదన్న ఒక్క విషయంలో ఇద్దరిదీ ఒకే మాట. చివరికి పెద్దమనిషిలా బొత్తాన్ని సరిగ్గా నడిమధ్యలో పెట్టాను. ‘నిపుణుణ్ణి సంప్రదించండి’ అని ఒక నంబరు వచ్చింది. మామ దాన్ని నొక్కాడు. నా జేబులో ఫోను మోగింది.

ఇద్దరిలో ఒక్కరూ నవ్వలేదు. మామ ఫోను చెవిన పెట్టుకుని నా జవాబు కోసం చూస్తున్నాడు. రైతు మీద గౌరవంతో ఆ బొత్తం పెట్టానని ఊరంతా చెప్పుకున్నాను గానీ, ఇలా ఇద్దరి మధ్య నిలబడి ఒక మాట చెప్పాల్సి వస్తుందన్న భయంతోనే పెట్టాను. సిగ్గుతో చచ్చిపోయాను.

“కొట్టొద్దు మామా. వాన వస్తాది, మందు మలరక్క బావిలోకే దిగతాది.”

మామ మొహం మాడ్చుకున్నాడు. కలుపు నువ్వు వంగి తీస్తావా అని అడిగాడు, పొద్దున పొగిడిన నోటితోనే నా చదువును తిట్టాడు. తిడుతూనే మందు కొట్టేవాళ్ళకు రావద్దని ఫోను చేశాడు.

జెబమలర్ నన్ను మెచ్చుకుంటుందని నిలబడ్డాను. ఆమె చెప్పులు వేసుకుంటూ ఆగింది.

“పై తోటల్లో ఈ బొత్తాన్ని ఎవురు తోస్తారు తంబి?”

తోట ఎవరిదైతే వాళ్ళే తోస్తారని చెప్పాను. ఆమె ఇంటికి వెళ్ళి, ఉన్న బిందెలూ గిన్నెలూ అన్నీ బావి దగ్గరకు తెచ్చుకుని నీళ్ళు తోడి నింపడం మొదలుపెట్టింది.