ఉలి తగలని గోడ

నేను ఒక కరెంటు తీగను. లోపల మూడు రాగి తీగలు, పైన మెత్తటి ప్లాస్టిక్ తొడుగు. ఫ్యాక్టరీలో నన్ను నీళ్ళలో ముంచి, కరెంటు పంపి పరీక్షించారు. నెగ్గాను. ఎక్కడ వేస్తే అక్కడ పనిచేయడమే తీగకు తెలుసు. నన్ను వేయకూడని చోట వేశారు.

లంబసింగి దాటాక ఒక ఊళ్ళో గౌరునాయుడి ఇల్లు. అక్కడ పుష్యమాసంలో గచ్చు మీద కాలు పెడితే చలి ఎముకలోకి దిగుతుంది. ఆయన భార్య అప్పలనరసమ్మ ముప్పై ఏళ్ళు పొగపొయ్యి ఊది ఊపిరితిత్తులు పోగొట్టుకుంది. ఆమె ముక్కుకు ఆక్సిజన్ అందించే మిషను మంచం పక్కన ఉండాలి. అది ఆగకూడదని డాక్టరు చెప్పాడు. ఆ గదిలో ప్లగ్గు లేదు.

పాత గచ్చు మీద థర్మాకోలు పలకలు పరిచి పైన సిమెంటు పోస్తే చలి రాదని గౌరునాయుడు ఎక్కడో విన్నాడు. భార్య కాళ్ళ కోసమే ఆ పని పెట్టుకున్నాడు. అది నేను కాదనను.

ప్లగ్గుకు గోడలో గాడి కొడదామని కరెంటు పనివాడు సింహాద్రి ఉలి తీశాడు. నరసమ్మ మంచం మీంచే అరిచింది.

"కోడలు కడుపుతో ఉంది. గోడకి ఉలి తగిల్తే నానూరుకోను. మేకు కూడా కొట్టనివ్వను!"

"అయితే వైరు నేల మీంచి లాగీ. పైన థర్మాకోలు పరిచేస్తాం కదా" అన్నాడు గౌరునాయుడు.

"పైపులో పెట్టాలి మావా. పైపు దాగాలంటే గచ్చు చెక్కాలి."

"చెక్కొద్దంటంది కదేటి. పైపు నేకుండానే పెట్టు."

"థర్మాకోలు కింద ఉత్తినే పెడితే అది వైరు తొడుగుని తినేస్తాది."

"దానికేటి పళ్ళున్నాయేట్రా?"

నరసమ్మ కూడా నవ్వింది. సింహాద్రి నవ్వలేదు. అయినా నన్ను అక్కడే పరిచాడు. తెలిసి తప్పు చేసేవాడు తెలియనివాడి కంటే నయమేమీ కాదు.

గచ్చు వెచ్చబడింది. మనవడు పుట్టాడు, నా మీద పాకాడు. ఇక ఉలికి అడ్డు లేదు. సింహాద్రి వచ్చి అడిగాడు.

"ఇప్పుడైనా గోడ మీంచి కొత్త వైరు లాగీమంటావా మావా?"

"బారసాలకి రంగులేయించిన గోడరా. దానికి గాడి కొడతావా? పనినేనోడా!"

పనికి అడ్డం కడుపులోని బిడ్డ కాదు, ఎప్పుడూ ఈయన బద్ధకమే.

థర్మాకోలు నా తొడుగులోని మెత్తదనాన్ని కొంచెం కొంచెంగా పీల్చేసింది. పలకల మధ్య నా వేడి పోయే దారి లేదు. గదిలో చలికి పెట్టిన హీటరు, ఆక్సిజన్ మిషను రెండూ నా మీదే. మూడు చలికాలాలు మోశాను. తొడుగు ఎండిన చింతబరికెలా పెళుసెక్కి చిట్లింది.

నాలుగో ఏడు, పొగమంచు వీడని ఒక ఉదయం, నా తీగలు ఒకదాన్నొకటి తాకాయి. నా ఒక్కదానికే ఉన్న ట్రిప్పు స్విచ్చు పడిపోయింది. మిషను ఆగింది. కొడుకూ కోడలూ బిడ్డతో కోడలి పుట్టింటికి వెళ్ళారు. గౌరునాయుడు మూడుసార్లు స్విచ్చు ఎత్తాడు. మూడుసార్లూ పడింది.

నరసమ్మకు మాట రాలేదు. వేలెత్తి వంటింటి వైపు చూపించింది. నీళ్ళు అడుగుతోందనుకున్నాడు. బల్బు వెలుగుతున్న వంటింట్లోకి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చి పెట్టాడు.

"ఒక్క నిమిషం ఉండే, సింహాద్రిగాణ్ణి లాక్కొస్తాను. ఆడు సేసిన పనే ఇది!"

తిట్టడానికి మనిషిని వెతుక్కుంటూ పరుగెత్తాడు. వాళ్ళు వచ్చేసరికి ఆమె చెయ్యి మంచం కిందికి వేలాడుతోంది. సింహాద్రి ఆమెను చూశాడు, వంటింటి బల్బును చూశాడు.

"అక్కడ కరెంటుంది కదా మావా. మిషను ఎత్తి ఆ ప్లగ్గులో పెట్టలేకపోయావా?"

గౌరునాయుడు ఆమె చేతిని ఎత్తి మంచం మీద పెట్టాడు.

పెద్దకర్మ అయిన మర్నాడు ఆయనే గునపం తీసుకుని గచ్చు పగలగొట్టాడు. నన్ను పీకితే తొడుగు పెంకులు పెంకులుగా రాలింది. పాత సామాన్లవాడు రాగి కోసం అడిగాడు. ఇవ్వలేదు. వాడు నా తొడుగు కాల్చి రాగి తీసుకుంటే నాకైనా ముగిసేది.

నన్ను చుట్టగా చుట్టి ఆమె మంచం ఎదురుగా గోడకు తగిలించాడు. ఆ గోడలో మేకు దిగడానికి నాలుగు దెబ్బలు చాలాయి.