మూడు మీసాల మిడత

రెండు వేల పంతొమ్మిది డిసెంబర్ ఎనిమిది, ఆదివారం. ఆ పొద్దున తిన్నది జొన్నరొట్టె, పుంటికూర పచ్చడి. రొట్టె ఒక పక్క మాడింది కూడా. ఫోటో కింద తారీఖు చూడగానే రామ్‌దాస్‌కు ఆ వాసనతో సహా గుర్తొచ్చింది.

నిజామాబాద్‌లో కాలేజీ జంతుశాస్త్రం ల్యాబుకు ఆయన ముప్పై ఒక్క ఏళ్లుగా అటెండర్. ఈ సాయంత్రంతో సర్వీసు అయిపోతుంది. పొద్దున ఎప్పటిలాగే వచ్చి సీసాల మీద దుమ్ము తుడిచాడు, కప్ప అస్థిపంజరానికి ఊడిన కాలు అతికించాడు, సింకు కడిగాడు. ఫార్మలిన్‌కు పగిలిన వేళ్లను ప్యాంటుకు తుడుచుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

కాలేజీ కెమెరాతో ఆయన తీసిన పన్నెండు పురుగుల ఫోటోలు గోడ మీద ఉన్నాయి. పదకొండింటితో ఎవరికీ పేచీ లేదు. పన్నెండోది చెరుకాకు మీద కూర్చున్న మిడత పిల్ల. దానికి మూడు మీసాలు.

కొత్తగా వచ్చిన లెక్చరర్ అంకిత మేడం నిన్న మెత్తగానే చెప్పింది. సైన్స్ డేకు బడిపిల్లలు వస్తారట. "మిడతకు మూడు మీసాలని రాసుకపోతరు, రామ్‌దాసన్నా. సరిజేస్తరా, తీసేద్దమా?"

సరిచేస్తానన్నాడు. చెయ్యి రావడం లేదు.

అంత చిన్న పురుగును ఒక్క ఫోటోలో పట్టలేం. మీసం కొస తేటగా వస్తే కన్ను మసకబారుతుంది, కన్ను తేటపడితే రెక్క మసకబారుతుంది. అందుకే చిన్న ఇనుప పట్టీ మీద కెమెరాను వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ తీసుకుంటూ పోవాలి. ఆ మిడతకు తొంభై నాలుగు తీశాడు. ప్రతి దాంట్లో తేటగా ఉన్న ముక్కను ఏరి కంప్యూటర్ ఒక్క బొమ్మగా కలుపుతుంది. అంతసేపూ పురుగు కదలకూడదు. రామ్‌దాస్ ఒక్క పురుగునూ చంపలేదు, మందు పెట్టలేదు. మంచుకు బిగుసుకుని ఉండే తెల్లవారుజామునే వెళ్లేవాడు.

ఆ రోజు బోధన్ దగ్గర బావమరిది వెంకటి చెరుకుతోటకు భార్య గంగుబాయి కూడా వచ్చింది. ఆమెది మార్కెట్ యార్డులో పసుపు ఏరే పని, ఆదివారం సెలవు. లేత ఎండ సూటిగా పడకుండా తెల్ల పంచెను రెండు చేతులా ఎత్తి పట్టుకుని నిలబడింది. ప్రతి ఫోటోకూ ఈయన ఊపిరి బిగబట్టడం చూస్తూ, అరవయ్యో ఫోటో దాకా ఓర్చుకుంది.

"పెండ్లి పీటల మీద గూడ నన్ను గింత సక్కగ సూడలే నువ్వు."

ఆయనకు నవ్వు ఆగలేదు. వెచ్చటి ఊపిరి తగిలి మిడత కుడి మీసం ఎత్తింది. ఎత్తకముందు ఒకటి, ఎత్తాక ఒకటి. కంప్యూటర్ రెండూ ఉంచింది.

ఏడాదిన్నరకు, ఎండాకాలంలో, తొమ్మిది రోజుల జ్వరంతో గంగుబాయి పోయింది. ఆమె గొంతు ఏ ఫోన్లోనూ లేదు. ఉన్నదల్లా ఆమె మాటకు మొలిచిన ఆ మీసమే.

అన్నం తిన్నాక మళ్లీ కూర్చున్నాడు. మేడం తప్పు చెప్పలేదు. పిల్లలకు అబద్ధం నేర్పకూడదు. దారం కట్టిన కళ్లద్దాలు సర్దుకుని, బొమ్మను పెద్దది చేసి, మూడో మీసాన్ని కొస నుంచి తుడవసాగాడు. తుడిచిన చోటల్లా వేరే ఫోటోలోని ఆకుపచ్చను అద్దాడు. మీసం మొదటికి చేరేసరికి మిడత తల మీది మంచుబొట్టు తెర నిండా వచ్చింది. ఇంత పెద్దది చేసి ఆయన ఎన్నడూ చూడలేదు. బొట్టులో నాలుగు పలకల తెల్లదనం. దాని పైమూలల్లో రెండు నల్లటి చుక్కలు.

పిడికిళ్లు.

ఆ బొట్టును ముట్టుకోలేదు. మిగిలిన కాస్త మీసాన్ని మాత్రం తుడిచేశాడు.

నాలుగింటికి మేడం వచ్చి చూసింది. బాగుందంది. వేలితో మంచుబొట్టును చూపించింది. "గీ తెల్లది గూడ మరకేనా అన్నా?"

"గది మా ఇంటామె పట్టిన పంచె, మేడం. గది నిజమే. ఉండనియ్యుండ్రి."

ఆమె వంగి, బొట్టును దగ్గరగా చూసింది. ఉండనిద్దాం అన్నట్టు తలూపింది. కొత్త ప్రింటును తనే గోడకు తగిలించింది.

ఐదింటికి స్టాఫ్ రూములో సమోసా, చాయ్, శాలువా అయ్యాయి. రామ్‌దాస్ మేడంతో కలిసి ల్యాబుకు తిరిగొచ్చి బీరువా అడుగు నుంచి మడత పెట్టిన పంచె తీశాడు. ఎండను మెత్తగా చెయ్యడానికి దీన్ని మించింది లేదని, రేపు ఎవరు ఫోటోలు తీసినా పనికొస్తుందని చెప్పి తలుపు పక్క మేకుకు తగిలించాడు. తాళంచెవి మేడం చేతిలో పెట్టి, శాలువా చంకలో ఇరికించుకుని, వెంకటి తోటకు పోవాలి, బోధన్ బస్సు టైమైందంటూ మెట్లు దిగాడు.

అంకిత లైటు ఆర్పి, చప్పుడు కాకుండా తలుపు మూసింది. లోపల మేకు మీద పంచె కాస్త ఊగి ఆగింది. దాని పైమూలల్లో, ఎన్ని ఉతుకులకూ పోని పసుపు వేలిముద్రలు రెండు.