ఎండు జీడిపళ్ళు

సంచిలో ముందు జల్లెడ పెట్టింది దమయంతి. దాని మీద చీర, చీర మడతల్లో కళ్ళజోడు, ఆ పైన నాలుగు మూటలు. ఒకదాంట్లో బరగ్గా ఆడించిన మొక్కజొన్న, ఒకదాంట్లో అదే ముగ్గుపిండిలా మెత్తగా ఆడించినది, ఒకదాంట్లో రెండు వేళ్ళ పొడవున నరికిన ఎండుగడ్డి, చివరి దాంట్లో ముక్కలు కోసి ఎండబెట్టిన జీడిపళ్ళు. అన్నీ బయటికి తీసి చూసుకుని మళ్ళీ సర్దింది. ఇది మూడోసారి. ఆ ఇంట్లో ఎవరు సంచి సర్దినా ఆమెకి గుండె దడదడలాడుతుంది, వెళ్ళినవాళ్ళు తిరిగొస్తారో రారో అని. ఇవాళ వెళ్ళేది తనే. వెళ్ళేది నందిగాం, అక్కడి ఆడవాళ్ళకి ఆవుల మేత గురించి చెప్పడానికి. సాయంత్రం బస్సుకి వచ్చేస్తుంది. అయినా దడే.

అరుగు మీద టీ తాగుతూ రామూర్తి నవ్వాడు. "పేడ కడిగే జల్లెడ సంచిలో ఎట్టుకుని పాఠాలు సెప్పడానికెల్లే పంతులమ్మని నిన్నే సూస్తన్నానే!"

"బాగా సూడు మావా. రేపట్నించి టిక్కెట్టెడతాను."

పెళ్ళయి ముప్పై ఎనిమిదేళ్ళు. గడ్డి కోసింది, మోసింది, కుడితి కలిపింది, పశువుల సాల కడిగింది, పాలు పితికింది. పాలకేంద్రం వాళ్ళ కార్డు మీద మాత్రం "పాడి రైతు: రామూర్తి" అని ఉంటుంది. బడి మొహం చూడని దమయంతి ఆ కార్డు మీద మొగుడి పేరు చూసి చూసి అక్షరాలు పట్టుకుంది. తరవాత బెల్లం పొట్లాల కాగితాలు చదివింది. రెండేళ్ళ కిందట పాలకేంద్రంలో పనిచేసే బిందు ఇచ్చిన పశువుల మేత పుస్తకాన్ని, పొయ్యి దగ్గర కూర్చుని, కూడబలుక్కుంటూ పూర్తి చేసింది. దాణా ఎంత మెత్తగా ఉంటే ఆవుకి అంత బాగా అరుగుతుందని రామూర్తి సిద్ధాంతం. మరీ మెత్తనిది, మేత ముందుగా చేరే పెద్దపొట్టలో గబగబా పులిసిపోతుందని, గింజ గింజలా వేస్తే అరక్కుండానే బయటికొచ్చేస్తుందని, ఆవు గడ్డి నమిలి నెమరేస్తే ఊరే లాలాజలమే ఆ పులుపుకి విరుగుడని పుస్తకం చెప్పింది. పుస్తకాన్నీ ఊరికే నమ్మలేదామె. ఒకనాడు గింజలు ఆడించకుండా పెట్టి, మర్నాటి పేడ జల్లెడలో వేసి బోరింగు కింద కడిగింది. మొక్కజొన్న గింజలు ముత్యాల్లా మెరుస్తూ అలాగే ఉన్నాయి. బరగ్గా ఆడించి పెట్టాక ఒక్కటీ కనపడలేదు. వీధి వీధంతా నవ్వింది. నెల తిరిగేసరికి అదే వీధి జల్లెడ అరువడిగింది.

అంతా బాగానే ఉంది గానీ, ఆ పుస్తకంలో నలభయ్యో పేజీ ఉంది.

తీపివీ పిండివీ అలవాటు లేకుండా ఒక్కసారే ఎక్కువగా తింటే పశువు నెమరు మానేస్తుంది, పళ్ళు కొరుకుతుంది, పేడ నీళ్ళలా పుల్లటి వాసనతో పడుతుంది, చివరికి పశువే పడిపోతుంది. ఒక్కో మాట చదువుతుంటే ఒక్కో మాటకీ సుక్కి కళ్ళ ముందు నిలబడింది. సుక్కి వాళ్ళ పాత ఆవు. చాలా ఏళ్ళ కిందట ఒక వైశాఖంలో నందిగాం నుంచి దమయంతి తల్లి అసిరమ్మ పది రోజులుందామని వచ్చింది. జీడి పిక్కలు వలిచేశాక తోటలో పళ్ళు కుప్పలు కుప్పలుగా కుళ్ళుతున్న రోజులు. ఒక సాయంత్రం రామూర్తి తోటనుంచి గంపలతో వచ్చాడు. తెల్లారేసరికి సుక్కి నెమరెయ్యడం లేదు. అసిరమ్మ సాలలో వంగి చూసి, "ఒలమ్మీ, పేడ పుల్లగా కంపు కొడతంది. ఏటో కానిది తినేసినాది" అంది. ఎవరూ వినలేదు. మధ్యాహ్నానికి సుక్కి పోయింది.

అత్త పోలమ్మ గుమ్మంలో నిలబడి అంది: "పాలు పితుకుతుంటే గుడ్లప్పగించి సూసావు కదా వదినా. నీ దిష్టికి రాయే పగిలిపోద్ది. ఆవెంత?"

రామూర్తి స్తంభం పట్టుకుని నేల చూశాడు.

ఆ సాయంత్రమే అసిరమ్మ బయల్దేరింది. సంచి సర్దింది దమయంతే. ఉండమ్మా అనలేదు. ఏమో, నిజంగా దిష్టేనేమో అని ఒక మూల తనకీ అనిపించింది. అదే ఇన్నేళ్ళుగా గొంతులో ముల్లు.

నలభయ్యో పేజీ చదివాక ఆమె ఏడవలేదు. తిత్లీ తుపానుకి పోగా మిగిలిన చెట్ల కింద జీడిపళ్ళు ఏరుకొచ్చి, ముక్కలు కోసి, డాబా మీద ఎండబెట్టింది. మొదట ఒక గుప్పెడు, వారం పోయాక రెండు, గడ్డితో కలిపి. అదే పండు. ఇప్పటి ఆవు హాయిగా తిని నెమరేసింది.

"పొద్దుట రెండు గుప్పిళ్ళు, సాయంత్రం రెండు," అని రామూర్తికి అప్పగింతలు చెప్పింది. "బాగా తింటంది కదాని గంపలకి గంపలు ఎయ్యకు."

"నానేటి గంపలేసేత్తానా?"

"ఒకపాలి ఏసావు కదా."

రామూర్తి గ్లాసు కింద పెట్టాడు. సాలలో ఆవు నెమరేస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఎన్ని మావా?"

"మూడు," అన్నాడు. "ఎరక్క ఏసాను. బంగారంలాటి పళ్ళు కుళ్ళిపోతన్నాయి కదాని."

"ఎరక్క ఏసినదానికి నిన్నేటీ అనను. ఎరిగీ నోరు మూసుకున్నావు. మాయమ్మని అన్ని మాటలంటుంటే ఒక్క మాట సెప్పలేకపోయావా, పళ్ళు నానేసానని?"

"మాయమ్మ నన్నడగలేదు."

దమయంతి సంచి మూతి కట్టింది. "నందిగాంలో మాయమ్మతో కూకుని జీడిపిక్కలు కొట్టినోలు ఇంకా ఉన్నారు. ఆలకి ఇయాల మేత గురించీ సెప్తాను, సుక్కి గురించీ సెప్తాను. నీ పేరుతోనే."

అతను లేచాడు. వద్దంటాడనుకుంది. సంచి భుజానికి తగిలించుకుని రోడ్డు దాకా వచ్చాడు. బస్సు ఆగాక సంచి అందిస్తూ, "మూడని సెప్పకు," అన్నాడు.

"మరేటని సెప్పాల?"

"నాలుగు. నాలుగు గంపలు."

కిటికీ పక్కన కూర్చుంది దమయంతి. ఒళ్ళో సంచి. నౌపడ రోడ్డు మీద ఎండ పడుతోంది. గుండె మీద చెయ్యి వేసి చూసుకుంది. దడ లేదు.

నందిగాంలో ముప్పైమంది ఆడవాళ్ళ ముందు జల్లెడ పైకెత్తి, "మాయమ్మ అసిరమ్మది ఈ ఊరే" అని మొదలుపెట్టింది.

దమయంతి సాయంత్రం బస్సుకి తిరిగొచ్చింది. అసిరమ్మ మాత్రం సుక్కి పోయిన సాయంత్రం వెళ్ళాక ఆ ఇంటికి మళ్ళీ రాలేదు. కూతురు ఆ పుస్తకం చదవడానికి చాలా ముందే, రెండు వేల పదమూడు ఆషాఢంలో నందిగాంలోనే పోయింది.