అన్నయ్యకు న్యాయం

తాళాల మంత్రి పోయాడన్న కబురు లాండ్రీలోకి రావడం, ఇస్త్రీ రోలరు దగ్గర ఆడవాళ్ళంతా దుప్పట్లు వదిలేసి ఫోన్లు అందుకోవడం ఒక్కసారే జరిగాయి. ఖర్చు తగ్గిస్తానంటూ ఊరూరా ఆసుపత్రులకు తాళాలు వేయించిన మహానుభావుడు కాబట్టి ఆయనకా పేరు. ఇంట్లోవాళ్ళు తప్ప ఆయన కోసం ఏడ్చేవాళ్ళు లేరు. ఆ ఇంట్లోవాళ్ళ సంగతీ అనుమానమే.

ఇక ఫోన్లలో సంబరం చూడాలి! ఒకడు గంతులేసే కోతిబొమ్మ పెట్టాడు. "నరకానికి కూడా తాళం వేయించేస్తాడేమో చూసుకోండి" అని ఒకడు రాస్తే, ఆ ముక్క తమ బుర్రలోనే పుట్టినట్టు మరో వందమంది రాశారు. మంత్రి బతికున్నన్నాళ్ళూ నోరు కుట్టేసుకుని కూర్చున్న ప్రతివాడికీ ఆ పూట పౌరుషం పొడుచుకొచ్చింది. శవం తిరగబడదు కదా మరి!

హోటళ్ళ దుప్పట్లు రోలరులోకి తోసే అక్కకు మాత్రం ఈ గోల పట్టలేదు. లాండ్రీలో చిన్నా పెద్దా అందరికీ ఆమె అక్కే. ఆమె భర్త గుండెనొప్పితో ప్రాణం వదిలింది తాళం పడిన ఆసుపత్రి గేటు ముందరే. అందుకని ఆమె చంకలు గుద్దుకుంటుందేమోనని అందరూ ఆశగా చూశారు.

"పోయాడా? సరే. ఆ కొస పట్టుకో, మడతలు పడుతున్నాయి," అంది.

రెండో కొస పట్టుకునే ఆవిడను అక్క చెల్లీ అని పిలుస్తుంది. ఆ చెల్లి దుప్పటి పట్టుకోలేదు. ఫోను చాపింది.

"అక్కా, ఈయన బావగారు కదూ?"

ఆయనే. నోరు తెరుచుకుని, చొక్కా గుండీలు ఊడి, పెదవి చివర చొంగ. పెట్టింది ఆమె మరిది, ఫ్లాట్లు అమ్మిపెట్టే పెద్దమనిషి. పైన ఇలా రాశాడు: "అన్నయ్యా, ఇవాళ నీకు న్యాయం జరిగింది. నా ఒళ్ళో తల పెట్టుకునే కన్నుమూశావు. ఎలా మరిచిపోను?"

ఒళ్ళోనట, ఒళ్ళో! ఆ రోజు ఆ గేటు ముందు నుంచే, ఇంకో ఆసుపత్రికి పోవాలి కారు తీసుకురమ్మని అక్క ఎంత మొత్తుకున్నా ఆ మరిది ఫోనెత్తలేదు. చూస్తేనైనా కదులుతాడని భర్త తల ఒళ్ళో పెట్టుకుని, ఆ ఫొటో తీసి పంపింది ఆమే. అతను చూసినట్టు ఫోన్లో గుర్తు పడింది కానీ మనిషి రాలేదు. ఫ్లాటు కొనేవాడు చెయ్యి జారిపోతాడని భయపడ్డాడట పాపం.

గుండీ పెట్టుకోకుండా పాలవాడి ముందుకైనా రాని మనిషి ఆమె భర్త. అలాంటివాణ్ణి ఇప్పుడు వేలకు వేలమంది చొంగతో చూస్తున్నారు. కింద బారులు తీరిన ఏడుపు బొమ్మల మధ్య ఒకడు ఫ్లాటు ధర కూడా అడిగాడు. అక్క దుప్పటి కింద పడేసింది. అక్కడే నిలబడి మరిదికి ఫోను చేసింది. ఈసారి వెంటనే ఎత్తాడు.

"ఆ ఫొటో తీసెయ్యి."

"అదేంటి వదినా, అన్నయ్య కోసమే కదా! లోకమంతా ఏడుస్తోంది."

"ఆయన్నలా ఎవరూ చూడక్కర్లేదు. తీసెయ్యి."

"ఇప్పుడు తీస్తే మంత్రి మనుషులకి భయపడ్డాననుకుంటారు. మీకివి తెలియవులెండి. టీవీవాళ్ళు లైన్లో ఉన్నారు, ఉంటాను."

అక్క చేతులు తుడుచుకుని, ఒక్క వేలితో ఫొటో కింద రాసింది: "ఈ ఫొటో తీసెయ్యండి. ఇది తప్పు."

ఆమె పేరు పక్కన ముఖం బదులు ఉండేది గులాబీ బొమ్మ. ఎవరీవిడ, ఎందుకంటోంది అని అడిగే తీరిక ఆ వీరులకు ఎక్కడిది? ఫొటో తీసెయ్యమంటోందంటే మంత్రి మనిషేనని తేల్చేశారు. "ఎంత ముట్టిందేంటి?" అన్నాడొకడు. "ముసల్దాన్ని కూడా ఆ మంత్రితోపాటే పంపండి," అన్నాడు ఇంకొకడు. మరొకడు, "నీ మొగుడు ఇలా కుక్కచావు చస్తే తెలిసేది నీకు!" అని రాశాడు.

ఆ మాట కింద ఒక ఎర్ర గుండె పడింది. పెట్టింది మరిది. ఆ గులాబీ ఎవరిదో అతనికి తెలియకపోలేదు. వదినకు ఆ ఖాతా తెరిచి ఇచ్చింది అతనే.

"వదిలెయ్యక్కా, ఈ వెధవలతో మనకేంటి?" అంది చెల్లి.

"ఎలా వదలనే? అక్కడున్నది నా మొగుడు."

మళ్ళీ రాసింది. "ఈయన నా మొగుడే. ఆ ఫొటో తీసింది నేనే. తల ఉన్నది నా ఒళ్ళో. కారున్న తమ్ముడు రాలేదు." రాసి నొక్కింది. కాసేపటికి ఆ పేజీయే మాయమైంది. ఎన్నిసార్లు వెతికినా మరిది పేరూ లేదు, ఫొటో లేదు.

"తీసేశాడక్కా! దెబ్బకి సిగ్గొచ్చింది!"

అక్క కళ్ళు ఒత్తుకుంది. "పోన్లే, ఇప్పటికైనా వచ్చింది," అంది.

ఎందుకైనా మంచిదని చెల్లి తన ఫోను తెరిచింది. ఫొటో అక్కడే ఉంది. లేనివల్లా అక్క రాసిన మాటలే. అతను బ్లాక్ చేసి తలుపేసింది ఆమె ఒక్కదాని ముఖం మీదే. పైన మరిది కొత్తగా చేర్చిన ముక్కను చెల్లి పైకి చదవలేక, ఫోను అక్క చేతిలో పెట్టింది.

"మా వదిన మాట్లాడే స్థితిలో లేదు. ఆమె తరఫున మీ అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు."