వదులు ఎక్కడుంది

అంట్లు తోముతూనే హన్నా బండి చప్పుడు విన్నది. గేటు దగ్గర ఆగిన తీరే బాగాలేదు. మొగుడు యేసుబాబు మోచెయ్యి గీరుకుపోయింది, ముఖం పాలిపోయింది. రహదారి మీద రేసు గట్టిగా ఇవ్వగానే హ్యాండిల్ మళ్లీ అటూ ఇటూ కొట్టుకుందట, పొదల్లోకి దిగాడట. ఇదంతా తల్లి సువార్తమ్మకు చెబుతున్నాడు, పెళ్లానికి కాదు.

హన్నా చేతిలో పీచు ఆగింది. ఇవాళ వెనక సీటు ఖాళీ కదా!

ఈ ఎర్ర స్పోర్ట్స్ బండికి కొన్నాళ్లుగా ఇదే వణుకు. టైర్లలో గాలి చూపించాడు, చక్రాలు చూపించాడు. ఏమీ దొరక్కపోయేసరికి హన్నా దొరికింది. "నువ్వు కుదురుగ కూసోవు, గందుకే ఊగుతంది." చీర కట్టుకుని ఒక పక్కకు కూర్చోవాలని నేర్పిన అత్తే, "ఒళ్లు తగ్గించు పిల్లా, బండి మోస్తలేదు" అని నవ్వింది. చివరికి ఆదివారం చర్చికి కొడుకు బండి మీద, కోడలు ఆటోలో. హన్నా కొన్నాళ్లు అన్నం కూడా తగ్గించి తిన్నది. తలచుకుంటే తన మీద తనకే మండింది. ఆ వణుకేమిటో తనకు తెలియనిదా?

రామకృష్ణాపూర్‌లో పుట్టింటివాళ్ల గని క్వార్టర్ ముందు నాన్న సామ్యేల్ పాత బండిని ఆదివారం ఆరాధన అయ్యాక విప్పేవాడు. గనిలో పైకప్పును సలాకతో కొట్టి, చప్పుడును బట్టి వదులెక్కడుందో చెప్పే మనిషి. ఇంట్లో కుండకూ పుచ్చకాయకూ బండికీ అదే పరీక్ష. "కండ్లతోని కాదు బిడ్డా, చెయ్యి పెట్టి ఇను" అనేవాడు. ఆ క్వార్టర్ల పక్క మైదానంలో గౌను ఎగరేసుకుంటూ బండి నడిపిన పిల్ల, పెళ్లయ్యాక హ్యాండిల్ ముట్టలేదు. ఎవరూ వద్దనలేదు. నడపడం వచ్చా అని అడిగినవాళ్లూ లేరు. పెట్రోలు, బొగ్గు ధూళి కలిసిన నాన్న చొక్కా వాసన గుర్తొచ్చింది.

తెలంగాణ కోసం సమ్మె, గనులన్నీ బంద్, యేసుబాబుకు గని డ్యూటీ లేదు. ఇంటి డ్యూటీకి మాత్రం బంద్ లేదు. హన్నా అంట్లు అలాగే వదిలేసి లేచింది. పెళ్లి సామాన్లలో నాన్న పెట్టిన, బండి నట్లు బిగించే కొక్కెం స్పానర్ ఇన్నేళ్లుగా కిటికీ రెక్కకు అడ్డంగా ఉంది. దాన్ని తీసుకుని వాకిట్లో మొగుడి దగ్గరికి వచ్చింది.

"నడుమ స్టాండెయ్. ఎన్క కూసొని బరువెయ్యి."

"ఎందుకు?"

"ఎయ్యి."

అతను కూర్చోగానే ముందు చక్రం లేచింది. హన్నా గొంతుక్కూర్చుని ముందు కడ్డీలు రెండూ పట్టుకుని ముందుకూ వెనక్కూ గుంజింది. లోపలెక్కడో టక్‌మన్నది. అతని చెయ్యి లాగి హ్యాండిల్ మెడ మీద పెట్టి మళ్లీ గుంజింది.

"తెలుస్తందా?"

యేసుబాబు, "తెలుస్తంది" అన్నాడు.

"రేసిస్తే బరువంత ఎన్కకు పోతది, ముందు చక్రం తేలికైతది. గప్పుడు ఈ వదులు బయటపడుతది. నేను కూసుంటె ఇంకింత ఎక్కువైతది, అబద్ధమెందుకు. కని వదులు నాది కాదు."

హన్నా స్పానర్ అందుకుంది.

"రోజూ గనిల కప్పు కొట్టి చూసినంకనే లోపటికి పోతవు. నన్ను మాత్రం కొట్టి చూడకుండనే వదులన్నవ్."

"ఆడిపిల్లకు గీ నట్లు బోల్టులేంది?" అన్నది సువార్తమ్మ గడపలోంచి. హన్నా వినిపించుకోలేదు. మెడ దగ్గరి నట్టు బిగించి, హ్యాండిల్ బిగుసుకుపోకుండా తిరుగుతోందో లేదో చూసి, మళ్లీ గుంజింది. చప్పుడు లేదు. ఎన్నాళ్లకో ఆమెకు నవ్వొచ్చింది.

యేసుబాబు దిగి, బండిని స్టాండు దింపి, దానికున్న తాళం చెవి వైపు చెయ్యి చాపాడు. "ఎక్కు, ఒక రౌండు పోయి చూద్దం."

హన్నా అంతకన్నా ముందే ఆ తాళం తీసుకుని లోపలికి వెళ్లింది. చీర విప్పి పంజాబీ డ్రెస్సు వేసుకుని వచ్చింది. కాలు అటు వేసి ముందు కూర్చుని, బండి స్టార్టు చేసి, వెనక సీటు తట్టింది.

"కుదురుగ కూసో."