ద్వారబంధం మీద గీత

నరసరావుపేటలో హెలెన్ వాళ్ల వంటింటి ద్వారబంధం మీద పెన్సిల్ గీతలు వరుసగా ఉంటాయి. ఏటా పుట్టినరోజున కూతురు ఫెబాను అక్కడ నిలబెట్టి, తల మీద స్కేలు పెట్టి తండ్రి ప్రభు గీసిన గీతలవి. గోడ మీది ఫొటోలకన్నా వాటిని చూసే ఆ ఇంట్లో ఎక్కువ మురిసిపోతారు.

ఈ వేసవిలో ఒక సాయంత్రం మాత్రం గీత గీసింది హెలెన్. నూట నలభై సెంటీమీటర్ల దగ్గర, పెన్సిల్ గట్టిగా నొక్కి గీసింది.

"ఇంకొంచెం కిందికి. మోకాళ్లు వంచు. గౌను ఉంటుంది కదా, కనపడదులే."

"పడిపోతానమ్మా!" ఫెబా పకపకా నవ్వింది.

"నవ్వకు. అక్కడ నవ్వితే పట్టేస్తారు."

పదకొండేళ్లు నిండబోతున్న ఆ పిల్ల ఆ గీతకన్నా మూడు వేళ్లు పొడుగు.

వారం రోజులుగా హెలెన్ ఫోనులో రెండు పార్కులను పోల్చి చూస్తోంది. ఒకటి హైదరాబాదు దారిలో ఉన్న హరివిల్లు. ఆటలు ఎక్కువ, చెట్ల నీడ, టిక్కెట్టులోనే భోజనం. కాని పిల్లల టిక్కెట్టుకు ఆధార్ కార్డు చూపించాలి. రెండోది విజయవాడ దాటాక హైవే పక్కన కొత్తగా వచ్చిన నీలికెరటం. ఆటలు తక్కువ, లాకరుకూ ఈత దుస్తులకూ అద్దె విడిగా, పులిహోర డబ్బా లోపలికి రానివ్వరు. అయితే అక్కడ కార్డు అడగరు. గేటు దగ్గర కొలత కర్ర ఉంటుంది. నూట నలభై లోపుంటే సగం టిక్కెట్టు. ఎంకామ్ చదివిన హెలెన్ ఏది కొన్నా నాలుగు చోట్ల విచారించి గాని కొనదు. ఈసారి ఆమె విచారణంతా ఆ కర్ర దగ్గర తేలింది.

అంతలో గుంటూరు మిర్చి యార్డులో గుమస్తాగా చేసే ప్రభు ఇంటికొచ్చాడు. "ఇవాళ ఒకాయన మిర్చి టిక్కీ బస్తాల మీద నీళ్లు చల్లుకొచ్చాడే, తూకం కోసం! చెయ్యి పెట్టగానే తెలిసిపోయింది. ఏవయ్యా, దేవుడంటే భయం లేదా అని మొహం మీదే అడిగేశా" అంటూ చెప్పులు విప్పి, కూతుర్ని చూశాడు. "ఏంటే ఆ కుంగడం?"

హెలెన్ చెప్పింది. అతను పెద్దగా నవ్వాడు. "మీ అమ్మ మామూలుది కాదే!"

మంచం మీద మిరపకాయల తొడాలు తీస్తున్న అతని తల్లి పుల్లమ్మ మాత్రం నవ్వలేదు.

చదివే అమ్మలూ నాన్నలూ కోప్పడకపోతే ఒక మాట. ఈ తర్ఫీదు మనలో ఎందరిళ్లలో జరగడం లేదు? బస్సులో పిల్లల వయసు తగ్గించి చెప్పిస్తాం. ఇంట్లో ఉండి లేమని చెప్పిస్తాం. దానికి తెలివి అని పేరు పెట్టుకుంటాం.

పార్కుకు ప్రభుతో పాటు అతని చెల్లెలి కొడుకు మార్క్ కూడా వచ్చాడు. ఫెబా ఈడువాడే గాని బాగా పొడగరి. వాణ్ణి దాచడం కుదరక పూర్తి టిక్కెట్టు తీసుకున్నారు. వాడి చేతికి ఎర్ర బ్యాండు కట్టారు. ఫెబా గౌను చాటున మోకాళ్లు వంచింది. పసుపు బ్యాండు కట్టారు.

"నా బంగారం!" అని హెలెన్ కూతురి చెవిలో చెప్పింది.

మధ్యాహ్నం దాకా అలల కొలనులో ఆడారు. తర్వాత మేడంత ఎత్తునుంచి నీళ్లలోకి జారే జారుడుబల్ల దగ్గరికి వెళ్లారు. ఫెబా వారమంతా ఫోనులో చూసి కలలు కన్నది దానికోసమే. మెట్ల దగ్గరున్న అమ్మాయి ఆపేసింది. "పసుపు బ్యాండుకు లేదు పాపా."

మార్క్ అప్పటికే సగం మెట్లెక్కాడు. "ఏంటే, నువ్వింకా చంటిపిల్లవా? పోయి ఆ బాతుబొమ్మల దగ్గర ఆడుకోపో!"

ఫెబా కళ్లు నిండాయి. ఆ అమ్మాయికి జాలేసింది. "పొడుగ్గానే ఉన్నావే! గేటు దగ్గర తప్పు కొలిచారేమో. ఈ కర్ర దగ్గర నిలబడు. నూట నలభై ఉంటే నేనే పంపిస్తా."

ఫెబా మొహం వెలిగింది. వెంటనే తల్లి వైపు తిరిగింది. 'నిలబడమ్మా' అని ఒక్కమాట అంటే సరిపోయేది. వెనక జనం ఉన్నారు. గేటు దగ్గర ఏం చేశారని అడుగుతారేమో. హెలెన్ తల దించుకుని, సంచి జిప్పు సరిచేసుకుంది.

ఫెబా కర్ర దగ్గరికి వెళ్లి మోకాళ్లు వంచింది.

"లేదండీ, నేను పొట్టే."

ఈత దుస్తుల్లో మోకాళ్లు దాగవు. ఆ అమ్మాయి వాటిని చూసింది, ఆపైన హెలెన్‌ను చూసింది. వెనకున్న పిల్లను మెట్లెక్కమంది. ఫెబా ఈసారి నవ్వలేదు.

రాత్రి ఇంట్లో ఫెబా "బాగుంది నాయనమ్మా" అని ఒక్కమాట చెప్పి పడుకుంది. ప్రభు జరిగింది తల్లికి చెప్పాడు. పుల్లమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

"తడి టిక్కీ మీద చెయ్యి పెడితే నీకు తెలిసిపోద్ది గదరా ప్రభూ. పిల్ల నెత్తిన చెయ్యి పెడితే తెలవలేదా?"

ప్రతి ఆదివారం చర్చిలో పిల్లలకు పాఠం చెప్పే హెలెన్, ఆ వారం ఆ పని వేరేవాళ్లకు అప్పగించింది.

తర్వాతి వారం ఫెబా పుట్టినరోజు. ప్రభు స్కేలు తెచ్చాడు. పిల్ల ద్వారబంధానికి వీపు ఆనించి, చిన్నగా అడిగింది.

"అమ్మా, నిటారుగా నిలబడొచ్చా?"

హెలెన్ నేల మీద కూలబడి కూతురి మోకాళ్లు పట్టుకుంది. "నిలబడు తల్లీ. ఆ రోజు తప్పు చేసింది నువ్వు కాదు, నేను. నువ్వు నా పరువు కాపాడావు, నేను నీ ముచ్చట కాపాడలేదు. ఇకమీద ఎవరడిగినా ఉన్నదే చెప్పు. నేను పక్కనున్నా సరే."

"మరి జారుడుబల్ల?"

"వెళ్దాం. ఎర్ర బ్యాండుతో."

"మార్క్ కూడా రావాలి. వాడు పైన భయపడి ఎలా అరిచాడో నేను చూశాగా!"

ఆ సాయంత్రం హెలెన్ నూట నలభై దగ్గరి గీతను రబ్బరుతో తుడిచింది. రంగు పోయింది గాని, గట్టిగా నొక్కిన చోట గాడి అలాగే ఉంది. రోజూ వంటింట్లోకి వెళ్తూ దాన్ని చూస్తూనే ఉంటుంది.

పార్కులను పోల్చుకుందాం, ధరలు బేరీజు వేసుకుందాం, తప్పులేదు. కాని మనం మిగుల్చుకున్న సగం టిక్కెట్టును మన పిల్లల చేత కట్టించవద్దు.