వర్గాల మధ్య గీత

అన్యాయం జరిగింది ఎవరికి? నాకు. ఎలా? నేను రాసిన అధ్యాయం మీద ముప్పై ఒక్క ఏళ్లుగా నా భర్త పేరు అచ్చవుతోంది.

ఆ అధ్యాయం ఉన్న పుస్తకం, పాచికలతో ఆడే ఊహాలోకపు సాహసాల ఆటకు నియమావళి. ఆదివారాలు ఆయనా, ముగ్గురు స్నేహితులూ మా భోజనాల బల్ల చుట్టూ చేరి యోధుడు, పురోహితుడు, మాంత్రికుడు, దొంగ అంటూ వర్గాలవారీగా పాత్రలు పంచుకుని ఆడుతూ, ఆటకు నియమాలు తయారుచేసేవారు. నేను టీ అందించి, బిస్కట్ల పొడి తుడిచేదాన్ని. ఒకసారి పెద్ద రభస జరిగింది. పురోహితుడూ గాయం మాన్పుతాడు, మూలికలెరిగిన మంత్రగత్తే మాన్పుతుంది. మరి రెండు వర్గాలెందుకు?

"జాబితాలోంచి మంత్రగత్తెను కొట్టేద్దాం, గొడవ వదిలిపోతుంది" అన్నారు ఈయన.

కప్పులు తీస్తూ నేనన్నాను: "పని ఒకటైతే మనుషులు ఒకటైపోతారా? పురోహితుడు దేవుణ్ణి అడిగి తెచ్చుకుంటాడు. దేవుడు అలిగితే చేతులు ఖాళీ. ఆవిడ నేర్చుకుని చేస్తుంది. నేర్చుకున్నది ఎవరు లాక్కుంటారు?"

"మరి వదినగారిది ఏ వర్గమో!" అన్నాడొక స్నేహితుడు.

"టీ వర్గం. పిలవకుండానే ప్రత్యక్షమవడం ఆవిడ శక్తి" అన్నారీయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వుకు నన్ను నేను నేటికీ క్షమించుకోలేదు.

ఇస్త్రీ బల్ల దగ్గర, ఆఫీసు భోజన విరామాల్లో, ఏ వర్గం ఏ వర్గంతో ఎక్కడ కలుస్తుందో, ఎక్కడ విడిపోతుందో నలభై పేజీలు రాశాను. పుస్తకం ఆయన పేరుతో వచ్చింది. "పేరుదేముందోయ్, మనమిద్దరం వేరా?" అన్నారు. "మొగుడి పేరు పెరిగితే నీది పెరిగినట్టే కదమ్మా" అన్నారు అత్తగారు.

నిన్న కొత్త ముద్రణ ప్రతులతో ప్రచురణ సంస్థ అమ్మాయి వచ్చింది. "సార్, ఇందులో పవిత్ర యోధుడని ఇంకో వర్గం ఉంది కదా, అతనూ ప్రార్థిస్తాడు, పురోహితుడు కూడా ఆయుధం పడతాడు. ఇద్దరికీ తేడా ఏంటని పాఠకులు అడుగుతున్నారు."

ఆయన కళ్లజోడు రెండుసార్లు తుడుచుకుని నా వైపు చూశారు. "చెప్పవోయ్, నీకు గుర్తుంటుందిగా."

ప్రశ్న అడిగితే లేచి నిలబడి జవాబివ్వాలని కాన్వెంటులో సిస్టర్లు నేర్పారు. నిన్న నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"పవిత్ర యోధుణ్ణి నిలబెట్టేది అతని ప్రమాణం. పురోహితుడు తప్పు చేస్తే దేవుడు క్షమించవచ్చు. ప్రమాణం క్షమించదు. అది తప్పిన రోజు అతను మామూలు సైనికుడు. ఈ మాట నేను రాశాను. చోటు చాలదని ఈయన తీసేశారు."

"మీరు రాశారా?" అంది ఆ అమ్మాయి.

నేను ఆయన్నే చూస్తున్నాను. ఆయన కాదంటే ఆ నలభై పేజీలూ ఇక ఎప్పటికీ నావి కావు.

"అవును, ఆవిడే" అన్నారు చివరికి. "ఇద్దరి పేర్లూ వేద్దాం."

"అందులో మీ వాక్యం ఒక్కటి చూపించండి, వేద్దాం" అన్నాను.

ఆయన పేజీలు తిప్పారు, చివరిదాకా. తర్వాత అధ్యాయం తలమీది తన పేరు కొట్టేసి, "ఇంటిపేరు ఏది రాయను?" అని అడిగారు.

"పుట్టింటిది."

రాశారు, ఒక్క అక్షరం తగ్గకుండా. ఆయన నాకు పడిన రుణం పూర్తిగా తీరింది.